జవాబు ఏ మొహల్లాది?

మధ్యాహ్నం గంట కొట్టగానే మా బడి లైబ్రరీలోకి నాలుగో తరగతి పిల్లలు వచ్చి కూర్చుంటారు. కథల పుస్తకాలు చదవడానికని పేరే గానీ, అక్కడ జరిగేది హోంవర్కు. మొన్న ఒకమ్మాయి తీసివేత లెక్క చేస్తూ, ఏం నచ్చలేదో ఏమో, రబ్బరు తీసి బరబరా రుద్దడం మొదలుపెట్టింది. స్ట్రాబెరీ వాసన రబ్బరు. ఆ తియ్యటి దొంగ వాసన బల్ల దాటి నా ముక్కుకు తగిలిందో లేదో, నా చెయ్యి దానంతట అదే ముందుకు వెళ్లి ఆ రబ్బరు లాక్కుంది. పిల్ల బిత్తరపోయింది. నేనూ బిత్తరపోయాను. ఎందుకంటే రబ్బరు లాక్కునే అలవాటు నాది కాదు, నాకు లెక్కలు నేర్పిన నస్రీన్ ఆపాది, అంటే నస్రీన్ అక్కది. ఆపా పోయి రెండేళ్లయింది. రబ్బరు తిరిగిచ్చేశాను.

అమీర్‌పేట అనగానే అందరికీ కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద టై కట్టుకుని చేతులు కట్టుకుని నిలబడే సార్లు గుర్తొస్తారు. ఆపా ఆ కోవ కాదు. ఖైరతాబాద్ వైపు ఒక చిన్న బడిలో ఉద్యోగమంతా మూడో తరగతికీ నాలుగో తరగతికీ లెక్కలు చెప్పి రిటైరై, ఆ అమీర్‌పేట పక్కనే మధురానగర్‌లో మా బిల్డింగ్ పై అంతస్తులో ఒక్కరే ఉండేవారు. సాయంత్రమైతే చాప పరిచి పిల్లలకి ట్యూషన్ చెప్పేవారు. పొట్టి మనిషి, ముక్కు మీద ఎప్పుడూ జారుతూ ఉండే కళ్లజోడు, ఆ మనిషికి ఏమాత్రం సరిపోని పెద్ద గొంతు. ఆవిడ పైన ఫోనులో "హలో, ఎట్లున్నవ్?" అంటే కింద వీధిలో కూరగాయల బండి అతను "బాగున్న ఆపా!" అని జవాబిచ్చేవాడు.

నేను ఆవిడ దగ్గరికి లెక్కలు నేర్చుకోవడానికి వెళ్లాను. అప్పటికి నాకు ముప్పై ఆరేళ్లు. చిన్నప్పుడు తెనాలిలో పదో తరగతి లెక్కల్లో తప్పి, పెళ్లయి ఇక్కడికొచ్చి, ఇన్నేళ్ల తర్వాత ఓపెన్ స్కూల్లో కట్టాను. మిగతావన్నీ గట్టెక్కాయి. లెక్కలు మాత్రం రెండుసార్లు ముంచాయి. ఈలోగా మా వీధి చివర బడిలో లైబ్రరీ చూసుకునే ఆవిడ మానేస్తోందని తెలిసింది. వెళ్లి అడిగితే హెడ్‌మేడం, "పదో తరగతి పాసైతే చాలమ్మా. బడి తెరిచేదాకా ఆగుతాను, ఆ తర్వాత ఇంకొకర్ని చూసుకుంటాను," అన్నారు. అంటే నాకు మిగిలింది ఒక్కటే పరీక్ష. ఆ ఉద్యోగం నాకెంత కావాలనిపించిందంటే, రాత్రి పడుకుంటే ఆ పుస్తకాల బీరువాలే కళ్లముందు తిరిగేవి. మళ్లీ తప్పితే మా ఆయన తిట్టడు, అదే నా బాధ. "పోనీలే సుజాతా," అంటాడు. అప్పటికే రెండుసార్లు విన్నాను ఆ పోనీలే. మూడోసారి వినే ఓపిక నాకు లేదు. అందుకే ఆయనకి చెప్పకుండా మెట్లెక్కాను.

మొదటి రోజు ఆపా నన్ను ఎగాదిగా చూసి, "కుర్చీ లేదు, చాప మీద కూసుంటవా?" అన్నారు. నాలుగో తరగతి పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. నా పక్కన లక్కీ అని రెండు జడల పిల్ల. అది నన్ను చూసి, "ఆంటీ, మీరు ఏ క్లాస్?" అనడిగింది. పదో తరగతి అన్నాను. "మరి ఇక్కడికెందుకొచ్చిన్రు?" అంది. ఆపా ఒక కాగితం మీద 8002లోంచి 3976 తీసేయమని రాసిచ్చారు. పదో తరగతి చదివేదానికి ఇదా లెక్క అని లోపల కొంచెం కోపమొచ్చింది. చకచకా చేసి 5974 అని చూపించాను.

"ఎట్ల చేసినవ్?"

"రెండులోంచి ఆరు పోదు కదా ఆపా, అందుకని ఆరులోంచి రెండు తీశాను. సున్నాలోంచి ఏడు పోదు, ఏడులోంచి సున్నా తీశాను. పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యాలని మా మాస్టారు చెప్పారు."

"ఏది పైనుందో ఏది కిందుందో చూడమని చెప్పలేదా మీ మాస్టారు?"

"చెప్పే ఉంటారు. నేనా రోజు బడికెళ్లి ఉండను."

పిల్లలంతా పగలబడి నవ్వారు. నేను గభాలున లక్కీ దగ్గరున్న స్ట్రాబెరీ వాసన రబ్బరు అందుకున్నాను. ఆపా చెయ్యి చాచి అది లాక్కున్నారు. "నా దగ్గర రబ్బర్ బంద్. తుడిచేస్తే నువ్వు ఏడికి పోయినవో నాకెట్ల తెలుస్తది? పెన్సిల్ కింద పెట్టు. చెప్పుండ్రి పిల్లలూ, 8002 ఏ మొహల్లా? ఏ పేటల ఉంటది?" పిల్లలు ముక్తకంఠంతో "ఎనిమిది వేలు!" అన్నారు. "3976?" "నాలుగు వేలు!" "సుజాతా, ఎనిమిది వేలల్ల నాలుగు వేలు పోతే?" నాలుగు వేలన్నాను. "మరి నీ జవాబు ఏ మొహల్లాల కూసుంది?" చూసుకున్నాను. 5974. అది ఆరు వేల గడపలో కూర్చుని ఉంది.

"నువ్వు పంజాగుట్టకు పోవాలె," అన్నారు ఆపా, కళ్లజోడు పైకి తోసుకుంటూ. "బస్సు దిగి చూస్తే కూకట్‌పల్లి ఉంది. అయినా సుత ఇంటి నంబర్ వెతుక్కుంట పోయి తలుపు కొడతవా?"

కొట్టనని తలూపాను. ఆ క్షణం నుంచి ఆ గదిలో నా పేరు మారిపోయింది. నా జవాబు దారి తప్పినప్పుడల్లా లక్కీ ముందు మొదలుపెట్టేది, మిగతావాళ్లు అందుకునేవారు: "ఆంటీ, కూకట్‌పల్లి!" పాపం కూకట్‌పల్లి ఏం పాపం చేసిందో గానీ, మా చాప మీద అది తప్పు జవాబుకి పేరైపోయింది. ఆపా పద్ధతి అదీ. లెక్క చూడగానే పెన్సిలు పట్టకూడదు. ముందు అంకెల్ని దగ్గరి వెయ్యికో వందకో గుండ్రం చేసి జవాబు ఏ మొహల్లాలో ఉంటుందో పైకి చెప్పాలి. ఆ తర్వాతే అసలు తీసివేత. వచ్చిన జవాబు ఆ మొహల్లాలో లేకపోతే ఎక్కడో అప్పు తెచ్చుకోవడం మరిచావన్నమాట, మళ్లీ చెయ్యి. ఇంత చిన్న సంగతి నాకు చిన్నప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండునని ఎన్నిసార్లు ఉడుక్కున్నానో.

గుండ్రం చెయ్యడం కూడా ఆవిడ పుస్తకంలోంచి చెప్పలేదు. ఒకరోజు పంజాగుట్టలో కళ్లజోడు బిగించుకుని వద్దామంటే ఆవిడతో వెళ్లాను. తిరిగి అమీర్‌పేట వైపు నడుస్తుంటే ఉన్నట్టుండి వాన. చిన్న వాన కాదు, చెప్పాపెట్టకుండా దబదబా కురిసేది. నేను చీర కుచ్చిళ్లు పట్టుకుని పరుగు తీయబోతుంటే ఆపా నా మోచెయ్యి పట్టుకుని రోడ్డు పక్కన ఆపేశారు. "ఆగు, ఎటు ఉరుకుతవ్? పంజాగుట్ట మెట్రో స్టేషన్‌కా, అమీర్‌పేట స్టేషన్‌కా?"

"ఏది దగ్గరైతే దానికి ఆపా! పదండి!"

"శభాష్. అంకె సుత గంతే. 370 మీద వాన పడితే ఏ వంద కిందికి ఉరుకుతది?"

"నాలుగొందలకి! ఆపా, తడుస్తున్నాం!"

"320?"

"మూడొందలకి! మీకు దణ్ణం పెడతాను, నడవండి!"

"మరి 350?"

నేను ఆగిపోయాను. నిజంగానే ఆగిపోయాను. అది సరిగ్గా మధ్యలో ఉంది. ఎటూ సమాన దూరమే. ఆ జోరువానలో, బస్సులు నీళ్లు చిమ్ముతుంటే, నేను ఆ 350 గురించి నిజాయితీగా ఆలోచిస్తూ నిలబడ్డాను. ఆపా నా మొహం చూసి పడీ పడీ నవ్వారు. "ముందుకే ఉరుకుతది. అందరూ ఒక్క తీరు చెయ్యాలె గద, గందుకని గట్ల పెట్టుకున్నరు. మధ్యల నిలబడి సోచాయిస్తే గిట్లనే నానుతరు." ఈలోగా ఒక ఆటో అతను మా పక్కనే ఆపి, "ఏంది అమ్మా, లొల్లి అయితుందా?" అనడిగాడు. లొల్లి కాదు నాయనా, లెక్క అన్నాను. అతను వెంటనే గేరు మార్చి వెళ్లిపోయాడు. మర్నాడు ట్యూషన్‌లో గురువూ శిష్యురాలూ పోటాపోటీగా తుమ్మాం.

ఇక ఇంట్లో సంగతి. రోజూ సాయంత్రం పైకి ఎందుకెళ్తున్నావని మా ఆయన అడుగుతాడు కదా. ఆయనది అమీర్‌పేటలో కరెంటు సామాన్ల కొట్లో పని, ఏడయ్యేసరికి ఇంటికొచ్చేస్తాడు. ఏం చెప్పాలో తోచక, ఆపా దగ్గర బిర్యానీ నేర్చుకుంటున్నానని చెప్పేశాను. ఆయన మొహం వెలిగిపోయింది. మర్నాడు ఆపాతో, "ఒక్కసారి నేర్పండి ఆపా, పరువు దక్కుతుంది," అని బతిమాలాను. ఆవిడ చాలా ప్రశాంతంగా, "నాకు బిర్యానీ రాదు," అన్నారు.

"మీకా! బిర్యానీ రాదా?"

"ఏం, హైదరాబాద్‌ల పుట్టిన ప్రతి ముసల్మాన్‌కి వస్తదా? మరి గుంటూరోళ్లందరికీ ఆవకాయ పెట్టనీకె వస్తదా? నీకు వస్తదా?"

నాకూ రాదు. కానీ ఆపా మంచి మనిషి. నా మాట నిలబెట్టడానికి ఆ ఆదివారం నిజంగానే వండారు. నేనూ పక్కన నిలబడ్డాను. మూత తీస్తే బిర్యానీ లేదు, ఒకే ముద్ద ఉంది. గరిటె గుచ్చితే గరిటెతో పాటు మొత్తం పైకి లేచింది. నీళ్లెన్ని పోశారని అడిగితే, "అందాజగ పోసిన," అన్నారు. అందాజ అంటే ఉజ్జాయింపు; లెక్కల్లో అంత పనికొచ్చిన అందాజ ఆ గిన్నెలో మాత్రం కూకట్‌పల్లి కూడా దాటి ఎటో పోయింది. డబ్బాలో పెట్టి కిందికి తెచ్చాను. మా ఆయన తిన్నాడు. చాలాసేపు నమిలాడు. "ఇంకా నేర్చుకుంటున్నావు కదా, వస్తుందిలే," అన్నాడు. ప్రతి ఆదివారం ఆ ముద్ద వచ్చేది, ప్రతి ఆదివారం ఆయన నమిలేవాడు. ఒక్కసారి కూడా వద్దనలేదు మహానుభావుడు.

పరీక్ష ఇంకా నెలరోజులుందనగా నాకు ఆ పద్ధతి మీదే నమ్మకం పోయింది. లెక్క 6480లోంచి 2510 తీసెయ్యడం. ముందు మొహల్లా చూసుకున్నాను: 6480 అంటే ఆరు వేలు, 2510 అంటే మూడు వేలు. జవాబు మూడు వేల దగ్గరుండాలి. తీసివేత చేస్తే 3970 వచ్చింది. అంటే నాలుగు వేల మొహల్లా! మళ్లీ చేశాను, మళ్లీ 3970. ఇక లాభం లేదని, లక్కీకి కన్నుగీటి దాని రబ్బరు తీసుకుని, ఆపా అటు తిరిగి ఉన్నప్పుడు శుభ్రంగా తుడిచేసి 2970 అని రాశాను. జవాబుని నేనే లాక్కొచ్చి మూడు వేల మొహల్లాలో కాపురం పెట్టించానన్నమాట. ఆపా కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. స్ట్రాబెరీ! ఇంకేముంది.

"సరైన జవాబును తుడిచి తప్పు జవాబు రాసేటోళ్లను మా బడిల సుత చూడలె," అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. "మీరు చెప్పినట్టే కదా చేశాను! మొహల్లా కుదరలేదని మార్చాను. ఇప్పుడదీ తప్పేనా? నాకిక లెక్కలు రావు ఆపా, వదిలేయండి." ఆపా కోప్పడలేదు. నా పక్కన చాప మీద కూలబడి, ఆ రెండంకెల కింద గోరుతో గీత గీశారు. "జర చూడు. 6480 ఏడ నిలబడ్డది? దాదాపు మధ్యల. 2510 సుత మధ్యల. ఒకదాన్ని కిందికి గుంజినవ్, ఇంకోదాన్ని మీదికి గుంజినవ్. రెండూ చెరో పక్కకు పోయినయ్. గట్ల మధ్యల నిలబడ్డోళ్లు కనిపిస్తే వేల లెక్కన చూడకు, ఇంకొంచెం దగ్గరికి పో. వందల లెక్కన చూడు." చూశాను. ఆరు వేల ఐదొందల్లోంచి రెండు వేల ఐదొందలు పోతే నాలుగు వేలు. 3970 అక్కడే, ఆ గడపలోనే ఉంది. "మొహల్లా కుదరకపోతే జవాబే తప్పని ఎందుకనుకుంటవ్? మొహల్లా చెప్పింది సుత నువ్వే గద. రెండూ మళ్లీ చూడాలె. నీ మీద నీకు నమ్మకం లేక మంచి జవాబును చంపినవ్," అన్నారు. ఆ మాట నాకు లెక్క కంటే ఎక్కువ తగిలింది.

దాని తర్వాత నేను అవతలి కొసకి పోయాను. ఆపా ఒక మాదిరి పేపరు ఇస్తే అందరికంటే ముందు ముగించి దర్జాగా ఇచ్చాను. చూస్తే అన్నీ మొహల్లాలే: దాదాపు మూడు వేలు, దాదాపు ఏడొందలు. అసలు తీసివేత ఒక్కటీ చెయ్యలేదు. "ఉత్తరం మీద మధురానగర్ అని ఒక్కటే రాస్తే పోస్ట్‌మన్ ఎవలకిస్తడు? వీధిల నిలబడి గాలికి ఎగరేస్తడా?" అని ఆపా పేపరంతా సున్నాలు చుట్టారు. ఇంకో సంగతి కూడా అప్పుడే చెప్పారు. అందాజ దారి తప్పినవాణ్ణి పట్టుకుంటుంది గానీ, అదే మొహల్లాలో పక్కింటి తలుపు కొట్టినవాణ్ణి పట్టుకోదట. 4026 రావాల్సింది 4027 వస్తే అది నోరు మెదపదు. దానికి మళ్లీ కూడి సరిచూసుకోవాల్సిందే. తన పద్ధతి ఎక్కడ పనిచెయ్యదో కూడా చెప్పే టీచర్‌ని నేను అంతకుముందు చూడలేదు.

పరీక్ష రోజు వచ్చింది. పేపర్లో ఒక ప్రశ్న: ఒక పట్టణం జనాభా 50,040, అందులో ఆడవాళ్లు 24,965, మగవాళ్లు ఎంతమంది, వాళ్ల శాతం ఎంత అని. మొదటి భాగం తప్పితే మొత్తం తప్పినట్టే. కంగారులో నేను మొహల్లా చూడకుండానే తీసివేత మొదలుపెట్టేశాను. వచ్చింది 35,075. శాతం కట్టడానికి పెన్ను ఎత్తాను కూడా. అప్పుడు వినిపించింది, చెవిలో కాదు, ఎక్కడో కడుపులో, ఆ పిల్లల అరుపు. యాభై వేలల్లో పాతికవేలు పోతే ముప్పై ఐదు ఎక్కడినుంచొస్తుందే మొద్దూ! "అమ్మో, కూకట్‌పల్లి!" అని పైకే అరిచేశాను. గదంతా నావైపు తిరిగింది. కాపలా సారు దగ్గరికొచ్చి, "పరీక్ష అయినంక బయట బస్సు దొరుకుతది తల్లీ, ఫికర్ చెయ్యకు, ముందు రాయి," అన్నాడు జాలిగా. కొట్టేసి మళ్లీ చేశాను. యాభై వేలలో తెచ్చుకున్న అప్పు తీసెయ్యడం మరిచాను, అంతే. 25,075. నాకు ఆ అంకె కళ్లకద్దుకోవాలనిపించింది.

ఫలితాలు బడి తెరవడానికి వారం ముందు వచ్చాయి. నేను మా ఆయన ఫోను అడిగితే, ఆయన ఇవ్వకుండా నవ్వుతూ నిలబడ్డాడు. "నీ హాల్ టికెట్ నంబరు కొట్టి నేను ముందే చూశానులే. పాసయ్యావు," అన్నాడు. నేను నోరెళ్లబెట్టాను. "నీకెలా తెలుసు నేను పరీక్ష రాశానని?"

"పైనుంచి రోజూ 'ఆంటీ, కూకట్‌పల్లి' అని పిల్లలు అరుస్తుంటే, బిర్యానీలో కూకట్‌పల్లి ఏంటా అని ఒకరోజు మెట్లెక్కి తలుపు సందులోంచి చూశాను."

"మరి ఆ ముద్ద అన్నాళ్లూ ఎందుకు తిన్నావు?"

"తినకపోతే నువ్వు వెళ్లడం మానేస్తావేమోనని," అన్నాడు. ఆయన మీద నాకున్న కోపాలన్నీ ఆ ఒక్క మాటతో మాఫీ అయిపోయాయి. కొన్ని తర్వాత మళ్లీ వచ్చాయి, అది వేరే విషయం.

చెప్పులు కూడా వేసుకోకుండా పైకి పరుగెత్తాను. ఆపా నమాజు ముగించి చాప మడుస్తున్నారు. "ఆపా, పాసయ్యాను!" అన్నాను. ఆవిడ నా రెండు చెంపలూ పట్టుకుని "అల్లాకు శుక్ర్," అన్నారు. కళ్లజోడు వెనక నీళ్లు. "ఎన్ని మార్కులు?"

ఆవిడ నవ్వుతారని, ఆవిడ మాటే ఆవిడకి అప్పజెప్పాను. "నలభై మొహల్లా ఆపా. దాదాపు నలభై."

ఆపా నవ్వలేదు. చేతులు తీసేశారు. "దాదాపు ఏంది? ఎన్నొచ్చినయ్ చెప్పు."

"నలభై మూడు."

"మరి మూడు ఏమైనయ్?"

"మూడే కదా ఆపా..."

"మూడేనా?" ఆ పెద్ద గొంతు మొదటిసారి వణికింది. "గా మూడు ఎవలియి? నేనిచ్చిననా? మీ ఆయన ఇచ్చిండా? పోరగాళ్ల నడుమ కూసొని, అందరు నవ్వుతుంటే నేర్చుకున్నవ్. అందాజ ఎందుకు చెప్పిన నీకు? జవాబు సహీ ఉందో లేదో చూసుకునేటందుకు. నిన్ను నువ్వు తగ్గించుకునేటందుకు కాదు. ఇంకోసారి చెప్పు, ఎన్ని?"

"నలభై మూడు," అన్నాను. ఈసారి ఏడుస్తూ. "జోర్‌గ," అన్నారు. గట్టిగా అన్నాను. కింద వీధిలోకి వినపడేంత గట్టిగా.

మర్నాడు బడికి వెళ్తే హెడ్‌మేడం కాగితాలు చూడకుండానే, "పాసేనా అమ్మా?" అనడిగారు. పాసేనని చెప్తే చాలు, లైబ్రరీ తాళాలు బల్ల మీదే ఉన్నాయి. మార్కుల సంగతి ఆవిడ అడగలేదు, ఆవిడకి అక్కర్లేదు కూడా. "పాసే మేడం," అన్నాను. తాళాలు చేతిలోకి తీసుకున్నాక వెళ్లబోతూ మళ్లీ వెనక్కి తిరిగాను.

"లెక్కల్లో నలభై మూడు, మేడం."